రెండు వర్చువల్ మెషీన్లను ఒకే వర్చువల్ ఈథర్‌నెట్ మీదికి తేవడం ఎలా?

వర్చువల్‌బాక్స్ అంటే ఒకే కంప్యూటర్ లోపల ఇంకొన్ని కంప్యూటర్లను, అంటే వర్చువల్ మెషీన్లను, నడిపే సాఫ్ట్‌వేర్. అందులో రెండు ఉబుంటు (లినక్స్) మెషీన్లు పెట్టారు. రెండింట్లోనూ ఇంటర్నెట్ వస్తోంది, అప్‌డేట్లు దిగుతున్నాయి. ఒకదాని నుంచి ఇంకోదాన్ని పింగ్ చేద్దామని, అంటే పిలిస్తే పలుకుతుందో లేదో చూద్దామని, అడ్రస్ చూస్తే మొదటిదాంట్లో 10.0.2.15 ఉంటుంది. రెండోదాంట్లోనూ అదే 10.0.2.15. సరే చూద్దామని ఆ అడ్రస్‌కు పింగ్ కొడితే జవాబులు టకటకా వస్తాయి, మిల్లీసెకనులో పదో వంతు కూడా పట్టదు. పని అయిపోయినట్టే అనిపిస్తుంది. కాలేదు. ఆ మెషీన్ తన అడ్రస్‌ను తానే పిలిచి, తానే పలికింది. పక్క మెషీన్ దాకా ఒక్క ప్యాకెట్ కూడా వెళ్లలేదు.

కొత్తగా మెషీన్ తయారుచేసినప్పుడు వర్చువల్‌బాక్స్ దాన్ని న్యాట్ అనే పద్ధతిలో కలుపుతుంది. ఈ పద్ధతిలో ప్రతి మెషీన్‌కూ విడిగా ఒక సొంత రౌటర్ దొరికినట్టు లెక్క. గేట్‌వే (బయటికి దారి) 10.0.2.2, డీఎన్ఎస్ (వెబ్‌సైట్ పేర్లకు అడ్రస్ చెప్పేది) 10.0.2.3, మెషీన్‌కు 10.0.2.15. పది మెషీన్లు పెట్టినా పదింటికీ ఇదే వరస. బయటికి వెళ్లడానికి ఎవరి దారి వాళ్లకు ఉంది, ఒకరింటి నుంచి ఇంకొకరింటికి మాత్రం తలుపు లేదు. కాబట్టి ఇక్కడ చెడిపోయింది ఏమీ లేదు. మీరు అడగని పనిని అది చేయలేదు, అంతే.

అమీర్‌పేటలో సర్వర్ కోర్సులు నేర్చుకునేవాళ్లూ, ఇంజినీరింగ్ చివరి ఏడాది ప్రాజెక్టు చేసేవాళ్లూ ఎక్కువగా ఇక్కడే ఆగిపోతారు. ఆగగానే సెట్టింగ్స్‌లోకి వెళ్లి డ్రాప్‌డౌన్‌లో ఉన్నవన్నీ ఒక్కొక్కటిగా మార్చి చూస్తారు. ఏదో ఒకటి తగులుతుంది కూడా. కానీ ఎందుకు తగిలిందో తెలియదు కనుక రేపు మూడో మెషీన్ పెట్టగానే కథ మళ్లీ మొదటికొస్తుంది. అందుకే సెట్టింగ్స్ తెరవకముందే ఎవరు ఎవరితో మాట్లాడాలో తేల్చుకోండి. ఏ పద్ధతి ఎంచుకోవాలో ఆ జవాబే చెబుతుంది.

ముందు కాగితం మీద గీయండి

ఒక మామూలు ఉదాహరణ తీసుకుందాం. ఒక మెషీన్‌లో వెబ్ సర్వర్, ఇంకోదాంట్లో డేటాబేస్. వెబ్ మెషీన్‌కు ఇంటర్నెట్ కావాలి. అది డేటాబేస్‌తో మాట్లాడాలి. డేటాబేస్ మెషీన్ వెబ్ మెషీన్‌తో తప్ప ఇంకెవరితోనూ మాట్లాడకూడదు, ఇంటర్నెట్‌తో కూడా. మీ ల్యాప్‌టాప్ బ్రౌజర్‌లో వెబ్ పేజీ తెరుచుకోవాలి. నిజమైన కంపెనీల్లో కూడా డేటాబేస్‌ను ఇలాగే లోపల దాచి ఉంచుతారు. కనుక ఇది ఊరికే చేసే కసరత్తు కాదు.

కాగితం మీద వెబ్, డేటాబేస్, ల్యాప్‌టాప్, ఇంటర్నెట్ అని నాలుగు డబ్బాలు గీసి, మాట్లాడుకోవాల్సిన వాటి మధ్య గీతలు గీయండి. వెబ్ నుంచి ఇంటర్నెట్‌కు ఒకటి, వెబ్ నుంచి డేటాబేస్‌కు ఒకటి, ల్యాప్‌టాప్ నుంచి వెబ్‌కు ఒకటి. ఈ మూడు గీతలను వర్చువల్‌బాక్స్ భాషలోకి మార్చడమే మన పని.

ఆ భాషలో ఉన్న ముఖ్యమైన మాటలు ఐదు. న్యాట్ గురించి చెప్పుకున్నాం. న్యాట్ నెట్‌వర్క్ అన్నది పేరులో దగ్గరగా ఉన్నా పనిలో వేరు: ఇందులో మెషీన్లన్నీ ఒకే రౌటర్ కింద ఉంటాయి, వేర్వేరు అడ్రస్‌లు తీసుకుంటాయి, ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి, ఇంటర్నెట్ కూడా వస్తుంది. అన్నీ అందరికీ కావాలంటే ఇదే తేలిక. ఇంటర్నల్ నెట్‌వర్క్ అపార్ట్‌మెంట్ ఇంటర్‌కామ్ లాంటిది: ఫ్లాట్ల మధ్య మాటలు నడుస్తాయి, బయటికి ఫోన్ పోదు, బయటి నుంచి రాదు. మీ ల్యాప్‌టాప్ కూడా ఇక్కడ బయటివాళ్ల కిందే లెక్క. హోస్ట్-ఓన్లీలో ఆ మాటల్లోకి ల్యాప్‌టాప్‌ను కూడా చేర్చుకుంటారు, ఇంటర్నెట్ మాత్రం ఉండదు. మామూలుగా 192.168.56.1 ల్యాప్‌టాప్‌ది అవుతుంది, మెషీన్లకు 192.168.56.101 నుంచి అడ్రస్‌లు వస్తాయి.

ఐదోది బ్రిడ్జ్‌డ్ అడాప్టర్. దీంతో మెషీన్ నేరుగా మీ ఇంటి రౌటర్‌కు తగులుకుని, ఇంట్లో ఇంకో కంప్యూటర్ ఉన్నట్టే కనిపిస్తుంది. వినడానికి బాగుంటుంది, చాలా వీడియోల్లో మొదట చెప్పేది కూడా ఇదే. నేను మాత్రం నేర్చుకునేవాళ్లకు దీన్ని చివరి దారిగానే చెబుతాను. వైఫై మీద బ్రిడ్జ్ చేయడం వైరు మీద చేసినంత సాఫీగా ఉండదు. వైఫై కార్డులు ఒకే మ్యాక్ అడ్రస్‌తో (నెట్‌వర్క్ కార్డు సొంత గుర్తింపు అంకె) యాక్సెస్ పాయింట్‌కు కలిసి ఉంటాయి కనుక వర్చువల్‌బాక్స్ ప్యాకెట్లలోని మ్యాక్ అడ్రస్‌లను మార్చి పంపాల్సి వస్తుంది. ఇంట్లో చాలాసార్లు నడుస్తుంది. హాస్టల్‌లోనో ఆఫీసులోనో లాగిన్‌కు ఒక్క పరికరమే అనే నిబంధన ఉంటే అక్కడే ఆగుతుంది. అంతకన్నా ముఖ్యమైన విషయం ఇంకొకటి ఉంది. హ్యాకింగ్ సాధన కోసం మెటాస్‌ప్లాయిటబుల్ లాంటి మెషీన్లను దించుకుంటారు కదా, వాటిని కావాలనే రంధ్రాలతో తయారుచేశారు. అలాంటి దాన్ని బ్రిడ్జ్ చేసి కాలేజీ నెట్‌వర్క్ మీద పెట్టడమంటే ఆ రంధ్రాలన్నీ పదిమందికీ తెరిచి చూపడమే. దాని చోటు ఇంటర్నల్ నెట్‌వర్క్ ఒక్కటే.

మన కాగితం ప్రకారం వెబ్ మెషీన్‌కు రెండు అడాప్టర్లు కావాలి: మొదటిది న్యాట్, రెండోది ఇంటర్నల్. డేటాబేస్‌కు ఒక్క ఇంటర్నల్ చాలు. ల్యాప్‌టాప్ నుంచి వెబ్‌కు దారి కోసం విడిగా ఇంకో అడాప్టర్ అక్కర్లేదు, న్యాట్‌లోనే పోర్ట్ ఫార్వర్డింగ్ (ల్యాప్‌టాప్‌లోని ఒక పోర్ట్‌కు వచ్చినదాన్ని మెషీన్‌లోని పోర్ట్‌కు పంపే ఏర్పాటు) ఉంది.

మెషీన్లను సిద్ధం చేయడం

8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్ అయితే రెండు ఉబుంటు సర్వర్ మెషీన్లు, ఒక్కోదానికి 1 నుంచి 2 జీబీ ఇచ్చి హాయిగా నడపవచ్చు. డెస్క్‌టాప్ వెర్షన్లు రెండు ఒకేసారి అంటే మాత్రం ఇబ్బంది పడతారు. వెబ్ మెషీన్‌కు డెస్క్‌టాప్, డేటాబేస్‌కు సర్వర్ పెట్టుకున్నా సరే. అడ్రస్ ఇచ్చే పద్ధతి రెండింట్లో వేరు కనుక కింద రెండూ చెబుతాను.

ఒక పని వరసలో ముందు చేయాలి. డేటాబేస్ మెషీన్‌కు ఇంటర్నెట్ తీసేయబోతున్నాం. అంటే పోస్ట్‌గ్రెస్ గానీ మైఎస్‌క్యూఎల్ గానీ, ఏ డేటాబేస్ సాఫ్ట్‌వేర్ కావాలన్నా న్యాట్ మీద ఉన్నప్పుడే ఇన్‌స్టాల్ చేసేయాలి. అప్‌డేట్లు కూడా అప్పుడే. ఇది మరిచిపోయి ముందే ఇంటర్నల్‌కు మారిస్తే ప్యాకేజీ దించుకోవడానికి మళ్లీ వెనక్కి మార్చాలి.

రెండోసారి ఇన్‌స్టాల్ చేసే ఓపిక లేక చాలామంది మొదటి మెషీన్‌ను క్లోన్ చేస్తారు, అంటే నకలు తీస్తారు. మంచి పద్ధతే, కానీ ఇక్కడ రెండు ఉచ్చులు ఉన్నాయి. మొదటిది మ్యాక్ అడ్రస్. క్లోన్ చేసే తెరమీద ‘మ్యాక్ అడ్రస్ పాలసీ’ అని ఒక ఐచ్ఛికం ఉంటుంది. మామూలుగా అది న్యాట్ అడాప్టర్ల మ్యాక్ అడ్రస్‌ను అలాగే ఉంచేలా పెట్టి ఉంటుంది. న్యాట్‌లో ఉన్నంతకాలం ఎవరి గది వాళ్లదే కనుక ఒకే మ్యాక్ ఉన్నా గొడవ లేదు. అదే అడాప్టర్‌ను మీరు తర్వాత రెండు మెషీన్లలోనూ ఇంటర్నల్‌కు మార్చినప్పుడు ఒకే తీగ మీద ఒకే మ్యాక్‌తో ఇద్దరు తయారవుతారు. అప్పుడు పింగ్ కాసేపు పోతుంది, కాసేపు పోదు, లేదా అసలే పోదు. కారణం ఎక్కడా రాసి ఉండదు. అందుకే క్లోన్ చేసేటప్పుడే అన్ని అడాప్టర్లకూ కొత్త మ్యాక్ అడ్రస్‌లు పుట్టించే ఐచ్ఛికాన్ని ఎంచుకోండి. ఇప్పటికే క్లోన్ చేసేసి ఉంటే అడాప్టర్ సెట్టింగ్స్‌లో మ్యాక్ అడ్రస్ పక్కన ఉన్న చిన్న గుండ్రటి బాణం నొక్కితే కొత్తది వస్తుంది. వర్చువల్‌బాక్స్ ఇచ్చే మ్యాక్ అడ్రస్‌లన్నీ 08:00:27తో మొదలవుతాయి. చివరి మూడు జతలు వేరుగా ఉంటే చాలు. ఈ 08:00:27ను గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

రెండో ఉచ్చు ఉబుంటు సర్వర్‌లో ఉంది. అది డీహెచ్‌సీపీకి (అడ్రస్‌లు పంచే సర్వీసుకు) తనను తాను మ్యాక్ అడ్రస్‌తో కాకుండా మెషీన్-ఐడీతో పరిచయం చేసుకుంటుంది. క్లోన్‌లో మెషీన్-ఐడీ కూడా నకలైపోతుంది. దాంతో మ్యాక్ అడ్రస్‌లు వేరుగా ఉన్నా న్యాట్ నెట్‌వర్క్‌లోనో హోస్ట్-ఓన్లీలోనో రెండింటికీ ఒకే ఐపీ అడ్రస్ వచ్చే అవకాశం ఉంది. ఈటీసీ ఫోల్డర్‌లో ఉన్న మెషీన్-ఐడీ ఫైల్‌ను తీసేయకుండా, లోపల ఉన్నది మాత్రం ఖాళీ చేసి, మెషీన్‌ను రీస్టార్ట్ చేయండి. కొత్త ఐడీ దానంతటదే పుడుతుంది. పనిలో పనిగా హోస్ట్‌నేమ్ (మెషీన్ పేరు) కూడా మార్చేయండి. రెండు టెర్మినళ్లూ ఒకే పేరుతో కనిపిస్తుంటే ఏ కమాండ్ ఎక్కడ కొడుతున్నామో తెలియక డేటాబేస్ మీద చేయాల్సింది వెబ్ మీద చేసేస్తాం.

తీగ కలపడం

రెండు మెషీన్లనూ పూర్తిగా ఆపండి. సేవ్ చేసిన స్థితిలో వదిలేస్తే కొత్త అడాప్టర్ చేర్చనివ్వదు. తర్వాత వెబ్ మెషీన్‌ను ఎంచుకుని ‘సెట్టింగ్స్’లో ‘నెట్‌వర్క్’ తెరవండి. కొత్త వెర్షన్లలో బేసిక్, ఎక్స్‌పర్ట్ అని రెండు స్థాయిలు ఉన్నాయి. ఇక్కడ చెప్పేవి మీకు కనిపించకపోతే ఎక్స్‌పర్ట్‌కు మార్చండి.

1. ‘అడాప్టర్ 1’ను న్యాట్‌గానే ఉంచండి.
2. ‘అడాప్టర్ 2’ ట్యాబ్‌లో ‘ఎనేబుల్ నెట్‌వర్క్ అడాప్టర్’కు టిక్ పెట్టండి. ‘అటాచ్‌డ్ టు’ దగ్గర ‘ఇంటర్నల్ నెట్‌వర్క్’ ఎంచుకోండి.
3. కింద పేరు గడిలో మామూలుగా ‘ఇంట్‌నెట్’ అని ఉంటుంది. దాన్ని చెరిపి మీ పేరు ఇవ్వండి. ఇక్కడ ‘ల్యాబ్‌నెట్’ అనుకుందాం.
4. ‘కేబుల్ కనెక్టెడ్’ టిక్ ఉందో లేదో చూసి ‘ఓకే’ నొక్కండి.
5. డేటాబేస్ మెషీన్‌కు వెళ్లి, దాని ‘అడాప్టర్ 1’నే ఇంటర్నల్ నెట్‌వర్క్‌గా మార్చి అదే పేరు ఇవ్వండి.

ఈ పేరే మీ వర్చువల్ స్విచ్. విడిగా స్విచ్‌ను ఎక్కడా తయారుచేయనక్కర్లేదు. ఒకే పేరు రాసుకున్న అడాప్టర్లన్నీ ఒకే ఈథర్‌నెట్ మీద ఉన్నట్టు. పేరులో ఒక్క అక్షరం తేడా వచ్చినా అది ఇంకో స్విచ్, ఇద్దరూ వేర్వేరు లోకాల్లో ఉంటారు, వర్చువల్‌బాక్స్ ఏ హెచ్చరికా ఇవ్వదు. అందుకే రెండో మెషీన్‌లో పేరును చేత్తో టైప్ చేయకుండా డ్రాప్‌డౌన్ నుంచి ఎంచుకోవడం మంచి అలవాటు. ఒకసారి వాడిన పేరు అక్కడ కనిపిస్తుంది.

అడాప్టర్ టైప్ దగ్గర మామూలుగా ఉన్న ఇంటెల్ ప్రో/1000 కార్డును అలాగే ఉంచండి. లినక్స్‌కు, విండోస్‌కు రెండింటికీ అది తెలిసిన కార్డే. అక్కడే ఉన్న ‘ప్రామిస్క్యువస్ మోడ్’ను ముట్టుకోనక్కర్లేదు. మూడో మెషీన్‌లో వైర్‌షార్క్ పెట్టి ఈ ఇద్దరి మధ్య నడిచే ప్యాకెట్లు చూడాలనుకున్న రోజున ఆ మూడో మెషీన్‌కు మాత్రం ‘అలౌ వీఎమ్స్’ ఇవ్వండి.

అడ్రస్‌లు ఇవ్వడం

ఇంటర్నల్ నెట్‌వర్క్‌లో మామూలుగా డీహెచ్‌సీపీ ఉండదు. అంటే అడ్రస్ ఇచ్చేవాళ్లు ఎవరూ లేరు, మనమే ఇవ్వాలి. మన ల్యాబ్‌కు 192.168.50.0 వరస తీసుకుందాం. ఇళ్లలో రౌటర్లు ఎక్కువగా 192.168.0 లేదా 192.168.1 వరసలో ఉంటాయి కనుక వాటితో కలవకుండా ఉండటం మంచిది. వెబ్‌కు 192.168.50.11, డేటాబేస్‌కు 192.168.50.12, రెండింటికీ నెట్‌మాస్క్ 255.255.255.0. ఈ అంకెలను ఇందాకటి కాగితం మీద డబ్బాల పక్కన రాసేయండి.

వెబ్ మెషీన్ డెస్క్‌టాప్ అయితే లోపల ‘సెట్టింగ్స్’లో ‘నెట్‌వర్క్’ తెరవండి. ఈథర్‌నెట్ కనెక్షన్లు రెండు కనిపిస్తాయి. ఏది ఏదో పేర్లను బట్టి పోల్చుకోవచ్చు: వర్చువల్‌బాక్స్ అడాప్టర్ 1 ఉబుంటులో ఈఎన్‌పీ0ఎస్3 అవుతుంది, అడాప్టర్ 2 ఈఎన్‌పీ0ఎస్8 అవుతుంది. అనుమానం ఉంటే గేర్ గుర్తు నొక్కి హార్డ్‌వేర్ అడ్రస్ చూసి, వర్చువల్‌బాక్స్ సెట్టింగ్స్‌లో ఉన్న మ్యాక్ అడ్రస్‌తో సరిచూసుకోండి. రెండో కనెక్షన్ గేర్‌లో ‘ఐపీవీ4’ ట్యాబ్‌కు వెళ్లి ‘మాన్యువల్’ ఎంచుకోండి. అడ్రస్, నెట్‌మాస్క్ రాయండి. గేట్‌వే గడిని ఖాళీగా వదిలేయండి.

ఈ ఖాళీ గడి దగ్గరే చాలామంది చేయి ఆగదు. ఖాళీగా ఉంటే ఏదో తప్పనిపించి 192.168.50.1 అని నింపేస్తారు. ఆ అడ్రస్‌లో ఎవరూ లేరు. గేట్‌వే అంటే ‘ఈ వరసలో లేని అడ్రస్‌లకు వెళ్లాలంటే ఇటు రా’ అని చెప్పే గుమ్మం. న్యాట్ వైపు నిజమైన గుమ్మం ఒకటి ఇప్పటికే ఉంది. రెండో గుమ్మం కూడా చూపిస్తే బయటికి పోవాల్సిన ప్యాకెట్లు దారిలేని ఇటువైపుకు మళ్లి, బాగా నడుస్తున్న ఇంటర్నెట్ కూడా ఆగిపోవచ్చు. ఒక మెషీన్‌కు ఎన్ని అడాప్టర్లు ఉన్నా గేట్‌వే ఒక్కటే ఉండాలని పెట్టుకోండి. డీఎన్ఎస్ గడి కూడా ఖాళీనే. చివరగా ‘అప్లై’ నొక్కి, ఆ కనెక్షన్ స్విచ్‌ను ఒకసారి ఆపి మళ్లీ వేయండి. ఇలా చేయకపోతే కొత్త అడ్రస్ పట్టదు.

డేటాబేస్ మెషీన్ సర్వర్ అయితే పని నెట్‌ప్లాన్ ఫైల్‌లో, అంటే ఉబుంటు నెట్‌వర్క్ అమరికలు ఉండే ఫైల్‌లో, చేయాలి. ఈటీసీ ఫోల్డర్‌లో నెట్‌ప్లాన్ అనే ఫోల్డర్ ఉంటుంది. అందులో 50తో మొదలయ్యే ఫైల్‌ను క్లౌడ్-ఇనిట్ (మొదటి అమరికలు చేసే ప్రోగ్రాం) తయారుచేసి ఉంటుంది, దాన్ని కదపకండి. 99తో మొదలయ్యే పేరుతో కొత్త యామల్ ఫైల్ పెట్టుకోండి. అంకె పెద్దది కనుక అది తర్వాత చదవబడి, మీ మాటే నెగ్గుతుంది. అందులో ఈఎన్‌పీ0ఎస్3 కింద డీహెచ్‌సీపీ4ను ఫాల్స్ చేసి, అడ్రసెస్ కింద 192.168.50.12/24 రాయండి. ఇక్కడ /24 అన్నా 255.255.255.0 అన్నా ఒకటే. వరసలు జరపడానికి ట్యాబ్ వాడకూడదు, స్పేస్‌లే వాడాలి. రాశాక నేరుగా అప్లై చేయకుండా ‘నెట్‌ప్లాన్ ట్రై’ కమాండ్ ఇవ్వండి. మీరు ఎంటర్ నొక్కి ఒప్పుకోకపోతే 120 సెకన్లలో పాత అమరికకు తిరిగి వెళ్లిపోతుంది. వర్చువల్ మెషీన్‌లో తెర ముందే ఉంది కనుక ప్రమాదం లేదు గానీ, దూరంగా ఉన్న సర్వర్ మీద పనిచేసే రోజున ఈ అలవాటు మిమ్మల్ని కాపాడుతుంది.

డీహెచ్‌సీపీని ఫాల్స్ చేయడం మరిచి, అడ్రస్ కూడా ఇవ్వకుండా వదిలేస్తే ఆ సర్వర్ ఆన్ అయ్యేటప్పుడు నెట్‌వర్క్ కోసం ఎదురుచూస్తూ దాదాపు రెండు నిమిషాలు ఆగుతుంది. మెషీన్ చచ్చిపోయిందని రీసెట్ కొట్టకండి. అడ్రస్ ఇచ్చేవాళ్లు ఎవరూ లేని తీగ మీద అది అడ్రస్ అడుగుతూ కూర్చుంది, అంతే. విండోస్ మెషీన్ అయితే ఇదే పరిస్థితిలో 169.254తో మొదలయ్యే అడ్రస్ తానే వేసుకుంటుంది. ఆ అంకె కనిపిస్తే దిగులుపడక్కర్లేదు: తీగ తగిలింది, అడ్రస్ ఇచ్చేవాళ్లు లేరు అని అర్థం.

కలిసిందో లేదో చూడటం

వెబ్ మెషీన్ టెర్మినల్‌లో పింగ్ కమాండ్‌కు 192.168.50.12 ఇవ్వండి. జవాబులు వస్తే సరే. రాకపోతే రాని తీరును గమనించండి, పింగ్ ఊరికే విఫలం కాదు, ఎక్కడ ఆగిందో చెబుతుంది.

‘నెట్‌వర్క్ ఈజ్ అన్‌రీచబుల్’ అంటే పింగ్ కొట్టిన మెషీన్‌కు ఆ వరసలో అడ్రసూ లేదు, గేట్‌వే కూడా లేదు, ఎటు వెళ్లాలో తెలియదు. గేట్‌వే ఉన్న వెబ్ మెషీన్‌లో కన్నా డేటాబేస్ వైపు నుంచి పింగ్ కొట్టినప్పుడే ఈ మాట కనిపిస్తుంది. ఇది ఇటువైపు తప్పు. అడ్రస్ అమరిక మళ్లీ చూడండి, అప్లై అయ్యాక కనెక్షన్‌ను ఆపి వేశారో లేదో చూడండి.

‘డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్’ అంటే అడ్రస్ ఉంది, దారి తెలుసు, తీగ మీద ‘192.168.50.12 ఎవరు?’ అని కేక వేసింది, ఎవరూ పలకలేదు. ఆ కేక పేరు ఏఆర్‌పీ. ఈథర్‌నెట్ మీద మాటలు నడిచేది ఐపీ అడ్రస్‌తో కాదు, 48 బిట్ల మ్యాక్ అడ్రస్‌తో. అందుకే ముందు ఎదుటివాళ్ల మ్యాక్ కనుక్కోవాలి. ఈ మాట కనిపిస్తే స్విచ్ పేరులో తేడా ఉందేమో, కేబుల్ టిక్ తీసి ఉందేమో, ఎదుటి మెషీన్‌కు అడ్రస్ పడలేదేమో, మ్యాక్‌లు ఒకటైపోయాయేమో వరసగా చూడండి.

మూడోది, ఏ మాటా లేకుండా కర్సర్ అలా ఆగిపోవడం, విండోస్‌లో అయితే ‘రిక్వెస్ట్ టైమ్‌డ్ అవుట్’. దీన్ని చూసి తీగ తగల్లేదని తీర్మానించకండి. చాలాసార్లు ప్యాకెట్ వెళ్లింది, ఎదుటి ఫైర్‌వాల్ దాన్ని మింగేసింది. తేల్చుకోవడానికి ‘ఐపీ నెయ్‌బర్’ కమాండ్ కొట్టండి. 192.168.50.12 ఎదురుగా 08:00:27తో మొదలయ్యే మ్యాక్ అడ్రస్ కనిపించిందంటే ఈథర్‌నెట్ పని పూర్తయినట్టే: కేక విన్నారు, పలికారు. మామూలు ఫైర్‌వాల్ ఏఆర్‌పీని ఆపదు. మ్యాక్ లేకుండా ‘ఫెయిల్డ్’ అనో ‘ఇన్‌కంప్లీట్’ అనో ఉంటే తీగ దగ్గరే తేడా ఉంది. ఈ ఒక్క కమాండ్ అలవాటైతే గంటల కొద్దీ వెతుకులాట తప్పుతుంది. పింగ్ ఒక్కదాన్నే నమ్ముకునేవాళ్లు విండోస్ మెషీన్ల దగ్గర ఎప్పుడూ దెబ్బతింటారు, ఎందుకంటే విండోస్ ఫైర్‌వాల్ బయటి నుంచి వచ్చే పింగ్‌ను మామూలుగా రానివ్వదు. గేట్‌వే లేని నెట్‌వర్క్‌ను అది ‘అన్‌ఐడెంటిఫైడ్’గా చూసి పబ్లిక్ కింద కడుతుంది కూడా. అక్కడ ఫైర్‌వాల్‌ను మొత్తంగా ఆపేయకండి. ఇన్‌బౌండ్ రూల్స్‌లో ‘ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్’ పేరుతో ఉన్న ఐసీఎంపీవీ4 ఎకో రిక్వెస్ట్ రూల్‌ను మీ ప్రొఫైల్‌కు ఎనేబుల్ చేస్తే చాలు.

పింగ్ నడుస్తున్నప్పుడు ఒక ప్రయోగం చేసి చూడండి. మెషీన్లను ఆపకుండానే డేటాబేస్ మెషీన్ విండో కింది పట్టీలో ఉన్న నెట్‌వర్క్ గుర్తు మీద కుడి క్లిక్ చేసి కేబుల్ టిక్ తీసేయండి. వెబ్ వైపు జవాబులు వెంటనే ఆగుతాయి. కాసేపు నిశ్శబ్దం. ఆ తర్వాత ‘డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్’ మొదలవుతుంది. ఆ మధ్య కాలంలో వెబ్ మెషీన్ పాత మ్యాక్‌నే నమ్ముకుని పంపుతూ ఉంటుంది. ఆ నమ్మకం చెల్లిపోయాక మళ్లీ కేక వేస్తుంది, పలికేవాళ్లు ఉండరు. టిక్ తిరిగి పెట్టగానే జవాబులు మళ్లీ వస్తాయి. నేర్పేవాళ్లు క్లాసులో ఏఆర్‌పీ చెప్పేటప్పుడు బోర్డు మీద బొమ్మ కన్నా ముందు ఇది చేసి చూపించాలని నా అభిప్రాయం.

సర్వీసు దాకా వెళ్లడం

పింగ్‌కు జవాబు వస్తోంది, డేటాబేస్‌కు మాత్రం కనెక్ట్ కావట్లేదు. ఇక్కడ నెట్‌వర్క్‌ను మళ్లీ విప్పి చూడకండి. ‘కనెక్షన్ రిఫ్యూజ్డ్’ అని వస్తే అది నిజానికి శుభవార్త. ఎదుటి మెషీన్ దాకా వెళ్లారు, ఆ పోర్ట్ దగ్గర వినేవాళ్లు లేరని అదే చెబుతోంది. ఉబుంటులో పోస్ట్‌గ్రెస్ గానీ మైఎస్‌క్యూఎల్ గానీ ఇన్‌స్టాల్ చేయగానే తన మెషీన్ లోపలి మాటలు, అంటే 127.0.0.1 మాత్రమే వింటుంది. పోస్ట్‌గ్రెస్ ప్రధాన కాన్ఫిగ్ ఫైల్‌లో లిజన్ అడ్రసెస్ అనే పద్దుకు 192.168.50.12ను చేర్చాలి. పీజీ-హెచ్‌బీఏ ఫైల్‌లో వెబ్ మెషీన్ అడ్రస్‌కు అనుమతి వరస ఒకటి రాయాలి. మైఎస్‌క్యూఎల్‌లో అయితే బైండ్ అడ్రస్ మార్చాలి, యూజర్‌ను కూడా ఆ అడ్రస్ నుంచి రావడానికి అనుమతించి తయారుచేయాలి. సర్వీసును రీస్టార్ట్ చేశాక పోస్ట్‌గ్రెస్‌కు 5432, మైఎస్‌క్యూఎల్‌కు 3306 పోర్ట్ మీద ప్రయత్నించండి. లిజన్ అడ్రసెస్‌లో నక్షత్రం గుర్తు పెట్టి అన్నిటికీ తెరవమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. ఇంత కష్టపడి డేటాబేస్‌ను లోపల దాచి, చివర్లో తలుపులన్నీ తీయడం ఎందుకు?

ల్యాప్‌టాప్ నుంచి వెబ్‌కు ఉన్న మూడో గీత మిగిలింది. వెబ్ మెషీన్ అడాప్టర్ 1 సెట్టింగ్స్‌లో ‘పోర్ట్ ఫార్వర్డింగ్’ నొక్కి ఒక వరస చేర్చండి: హోస్ట్ ఐపీ 127.0.0.1, హోస్ట్ పోర్ట్ 8080, గెస్ట్ పోర్ట్ 80. గెస్ట్ ఐపీ ఖాళీగా ఉంచవచ్చు. ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి టెర్మినల్ తెరవడం) కోసం ఇంకో వరస, 2222 నుంచి 22కు. హోస్ట్ ఐపీని మాత్రం ఖాళీగా వదలకండి. వదిలితే మీ వైఫై మీద ఉన్న ఇతరులు కూడా ఆ పోర్ట్ తట్టగలుగుతారు. ఇప్పుడు ల్యాప్‌టాప్ బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్ 8080 తెరిస్తే వెబ్ మెషీన్ పేజీ రావాలి. పోర్టులు పెరిగి ఈ వరసలు చాంతాడంత అయితే వెబ్ మెషీన్‌కు మూడో అడాప్టర్‌గా హోస్ట్-ఓన్లీ ఇచ్చుకోవడమే మేలు. వర్చువల్‌బాక్స్ తెరమీద నుంచి ఒక్కో మెషీన్‌కు నాలుగు అడాప్టర్ల దాకా పెట్టుకోవచ్చు.

రెండు మెషీన్లలోనూ ఈటీసీ ఫోల్డర్‌లోని హోస్ట్స్ ఫైల్‌లో ఎదుటి మెషీన్ అడ్రస్, పేరు ఒక వరసగా రాసుకుంటే అప్లికేషన్‌లో అంకెలకు బదులు పేరు వాడవచ్చు. అంతా నడుస్తున్న ఈ స్థితిలో రెండింటికీ స్నాప్‌షాట్ (తర్వాత తిరిగి రాగలిగేలా ఇప్పటి స్థితికి నకలు) తీసి పెట్టండి. మూడో మెషీన్ చేర్చాలంటే ఇక చేయాల్సింది కొంచెమే: కొత్త మ్యాక్‌తో క్లోన్, అదే స్విచ్ పేరు, 192.168.50.13.

వేరే సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకు

ఇదే కాగితం మిగతా చోట్లా పనికొస్తుంది, పేర్లు మారతాయి. వీఎమ్‌వేర్ వర్క్‌స్టేషన్‌లో వీఎమ్‌నెట్0 బ్రిడ్జ్, వీఎమ్‌నెట్1 హోస్ట్-ఓన్లీ, వీఎమ్‌నెట్8 న్యాట్. అక్కడ న్యాట్ మీద ఉన్న మెషీన్లు ఒకదానికొకటి కనిపిస్తాయి కనుక వర్చువల్‌బాక్స్‌లో పడ్డ మొదటి తికమక ఉండదు. ఇంటర్నల్‌కు సాటి వచ్చేది ల్యాన్ సెగ్మెంట్. లినక్స్ మీద కేవీఎమ్ వాడితే ‘డిఫాల్ట్’ నెట్‌వర్క్ 192.168.122 వరసలో తయారుగా ఉంటుంది, మెషీన్లన్నీ దాని మీదే కలుస్తాయి. విండోస్‌లోని హైపర్-వీలో ఈ పనికి కావాల్సిన స్విచ్‌ను మీరే తయారుచేయాలి, ఎక్స్‌టర్నల్, ఇంటర్నల్, ప్రైవేట్ అని మూడు రకాలు. పేర్లు చూసి మోసపోకండి: హైపర్-వీ ‘ఇంటర్నల్’లో మీ కంప్యూటర్ కూడా ఉంటుంది, మెషీన్ల మధ్య మాత్రమే కావాలంటే ‘ప్రైవేట్’ ఎంచుకోవాలి. తయారుగా ఇచ్చే ‘డిఫాల్ట్ స్విచ్’ మీద చేత్తో అడ్రస్‌లు ఇవ్వకండి, కంప్యూటర్ రీస్టార్ట్ అయ్యాక దాని అడ్రస్ వరస మారిపోవచ్చు.